మీసం మీద నిలవని మాస్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని వస్తువు లేదంటారు. నేనూ అనేవాణ్ని. ఒక ఆదివారం పొద్దున మెట్రో కింద ఉన్న ఆటసామాన్ల దుకాణాలన్నీ తిరిగి, సముద్రంలో మునగడానికి మాస్కు కావాలని అడిగాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మొదటి దుకాణంలో ఈత కళ్ళద్దాలు చూపించారు. రెండో దుకాణంలోనూ అవే, రంగు వేరు. మూడో దుకాణం ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సముద్రమా? ఈడ సరూర్‌నగర్ చెర్వు తప్ప ఏమున్నది సార్?" అన్నాడు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఆ చెరువులోనే దూకుతా, నీకెందుకయ్యా!" అని మెట్లు దిగి వచ్చేశాను.

నేను ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. డాక్టర్ సీటు కోసం నిద్రాహారాలు మానేసిన పిల్లలకు ప్రతి ఏడూ నీటి ఒత్తిడి పాఠం చెప్పడం నా పని. పది మీటర్లు లోపలికి దిగితే, భూమ్మీద గాలి మన మీద ఎంత బరువు మోపుతుందో అంత బరువు అదనంగా మీద పడుతుందని బోర్డు మీద మనిషి బొమ్మ గీసి మరీ చెబుతాను. నేను మాత్రం ఏనాడూ మెడలోతు దాటి నీళ్ళలోకి దిగినవాణ్ని కాను.

నాయిన అలా కాదు. నల్లగొండ జిల్లాలో మా ఊళ్ళో ఏ బావిలో బిందె పడ్డా, మోటారు జారినా ముందు ఆయనకే కబురొచ్చేది. గోచీ బిగించి, గుండె నిండా గాలి పీల్చి, దబ్బున దూకేవాడు. గట్టు మీద నిలబడి నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ని. ఆగలేక వదిలేసి మళ్ళీ బిగబట్టేవాణ్ని. ఇంకోసారి కూడా వదిలేశాక, ఏడుపు మొదలుపెడదామా అనుకునే వేళకు ఆయన తల పైకొచ్చేది. చేతిలో బిందె ఉండేది. మీసాల్లోంచి నీళ్ళు కారుతుంటే నన్ను చూసి నవ్వేవాడు.

వానలు లేక బావులు ఎండిపోయాక పట్నం వచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ పనికి కుదిరాడు. బత్తాయి బస్తాలు మోసి నన్ను చదివించాడు. ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయేనాటికి ఆయనకు నాలుగు మెట్లెక్కితే ఎగశ్వాస వచ్చేది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, దానికి తిరుగు మందు లేదని డాక్టర్లు చెప్పారు. ఎల్‌బీ నగర్‌లో మా ఫ్లాట్‌లో, వీధివైపు గదిలో మంచం వేశాం. పక్కన ఆక్సిజన్ మిషన్, కిరాయికి తెచ్చింది. దాని నుంచి సన్నటి గొట్టం ఆయన ముక్కు దాకా. ఎంత లోతు బావినైనా ఒక్క గుక్కలో చూసి వచ్చిన మనిషి బాత్రూముకు పోవడానికి గొట్టం పొడుగు చూసుకునేవాడు.

ఒక సాయంత్రం ఆయనకు పొద్దుపోవడం లేదని ఫోన్లో సముద్రం అడుగున తీసిన వీడియో పెట్టాను. పసుపు చేపలు, నీలం చేపలు, రాళ్ళలా కనిపించే పగడాలు. ఆయన ఫోను ముక్కుకు ఆనించుకుని చూశాడు. అయిపోతే మళ్ళీ పెట్టమన్నాడు.

"నీళ్ళ లోపట గింత వెలుతురుంటదారా?" అన్నాడు.

"నువ్వు చూడలేదా? నీ బతుకంతా నీళ్ళలోనే కదా."

"ఏం సూసిన్రా! కండ్లు తెరిస్తె అంతా పచ్చగ మసక. చేతుల్తోటి తడుముకునుడే. బిందె దొరికిందా, పైకి ఉరుకుడే. అడుగున ఏమున్నదో ఎన్నడన్న సూసిన్నా?" అని కాసేపు ఆయాసపడి, గాలి తిరిగి అందాక అన్నాడు. "ఈ వీడియో ఎవనిదో. ఓడు సూసింది నాకెందుకు? నువ్వు పోయి సూసి రా. ఒచ్చి నాకు చెప్పు."

అంతకుముందు వారమే డాక్టర్ నన్ను గది బయటికి పిలిచి, ఈ ఎండాకాలం దాటడం కష్టమని చెప్పాడు. ఆ మాట నాయినకు చెప్పలేదు. పిల్లల పరీక్షలు కాగానే నాకు సెలవులొస్తాయి. అండమాన్‌లో ఈత రానివాళ్ళను కూడా పక్కన మనిషి పట్టుకుని లోపలికి తీసుకుపోతారట. పోవాలి, చూడాలి, ఆయన ఉండగానే తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పాలి. నా జీవితంలో నాయిన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

స్టాఫ్ రూములో ఒకాయన దారి చూపించాడు. నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన విశాఖపట్నం మాస్టారు ఒకాయన, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక ఫామ్‌హౌస్ ఈతకొలనులో ఆదివారాలు కొత్తవాళ్ళకు నేర్పుతున్నాడట. వెళ్ళాను. నెరిసిన క్రాపు, నున్నటి గడ్డం, ఎండకు కమిలిన ముఖం. నేను దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల కథ చెప్తే పడీపడీ నవ్వాడు.

"ఈత కళ్ళద్దాలు పెట్టుకుని కిందికి దిగేరు గనక! నీళ్ళు ఆ అద్దాల్ని కళ్ళలోకి నొక్కేస్తాయండీ. ముక్కు కూడా లోపలుండాలి. ముక్కుతో కాస్త గాలి వదిల్తే నొక్కుడు పోతాది. ఫిజిక్స్ మాస్టారు కదా, మీకు నేను చెప్పాలేటి?" అన్నాడు.

బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీశానో, ఒక్క బొమ్మకూ ముక్కు గురించి ఆలోచించలేదు. నవ్వొచ్చింది నాకే.

సిలిండరు, గాలి పీల్చే గొట్టాలు, తేలడానికి వేసుకునే జాకెట్టు, ఒంటికి పట్టే రబ్బరు సూటు, ఇవేవీ కొనొద్దన్నాడాయన. అక్కడ అద్దెకిస్తారు, వాటిని చూసుకునేవాళ్ళు వేరే ఉంటారు. కాళ్ళకు తొడిగే ఈత రెక్కలు కావాలంటే కొనుక్కోండి, వేళ్ళు ముడుచుకోకూడదు, మడమ జారకూడదు, అంతే. "మాస్కు మాత్రం మీ సొంతది ఉండాలండీ. ఒకరి చెప్పు ఇంకోరికి పట్టొచ్చు గానీ ఒకరి మాస్కు ఇంకోరికి పట్టదు."

కారు డిక్కీ తెరిచి మాస్కుల పెట్టె బయటపెట్టాడు. పరీక్ష చాలా తేలిక. పట్టీ తల వెనక్కి వేయకుండా మాస్కు ముఖానికి ఆనించి, ముక్కుతో చిన్నగా గాలి లోపలికి లాగి, చేతులు వదిలేయాలి. ముఖాన్ని పట్టుకుని నిలబడితే అది మనది. పడిపోతే కాదు. నేను పెట్టుకున్న ప్రతి మాస్కూ వదలగానే ఊడి చేతిలో పడింది. ఒక గాజుది, రెండు గాజులది, చిన్నది, పెద్దది, అన్నీ అంతే. మాస్టారు నా ముఖాన్ని పెళ్ళిచూపుల్లో చూసినట్టు అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"మీసమండీ," అన్నాడు చివరికి. "మాస్కు అంచు సరిగ్గా ముక్కు కింద, పెదవి మీద ఆనాలి. మీది ముక్కులోంచే మొలిచినట్టుంది. వెంట్రుకల సందుల్లోంచి గాలి వచ్చేస్తంది. నీళ్ళూ అలాగే వస్తాయి. కొంతమందికి పైపైన కత్తిరిస్తే సరిపోద్ది. మీకు లాభం లేదు, తీసేయాల్సిందే. తీసేస్తే ఒక్క చుక్క లోపలికి రాదండి, నాదీ పూచీ."

ఉన్నవాటిలో మెత్తటి సిలికాన్‌ది ఒకటి తీసుకుని, పట్టీ బిగించుకుని కొలనులోకి దిగి చూశాను. తల ముంచానో లేదో ముక్కు దగ్గర నీళ్ళు చేరాయి. పీల్చకూడదని తెలుసు, పీల్చాను. దగ్గుతూ, తుమ్ముతూ, మాస్టారు భుజం పట్టుకుని పైకి లేచాను. కొద్దిగా నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి తోసేయొచ్చని, కానీ కొత్తలో అందరూ నాలాగే కంగారు పడతారని చెప్పాడు. ఆ మాస్కే కొని ఇంటికి తెచ్చాను. మీసం మాత్రం అలాగే ఉంచుకున్నాను.

మావాళ్ళలో తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తండ్రి పోయాక, దినాల నాడు తీస్తాడు. మీసం లేని మగవాడు ఎదురైతే మా ఊళ్ళో మొట్టమొదట అడిగే మాట, "అయ్యో, ఎప్పుడు పోయిండు మీ నాయిన?" అని. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటున్నారు? మా స్టాఫ్ రూములో సగం మందికి మీసాల్లేవు, వాళ్ళ తండ్రులంతా దుక్కల్లా ఉన్నారు. అది నాకు తెలియక కాదు. గ్రహణం పూట క్లాసులో బిస్కెట్లు పంచి, నా ఎదురుగా తినండని పిల్లలను గదమాయించినవాణ్ని నేను. రాహుకాలం అంటే పళ్ళు కొరుకుతాను. కానీ మీసం మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంట్లో నా అవస్థ చూసి మా ఆవిడకు నవ్వాగలేదు. వాళ్ళది గుంటూరు. మాకు పెళ్ళై ఇన్నేళ్ళైనా మా ఇంట్లో రెండు తెలుగులు నడుస్తాయి. బకెట్ నిండా నీళ్ళు పెట్టి, నా మీసానికి వాజిలైన్ దట్టంగా పూసి, తల ముంచమంది. మునిగాను. మళ్ళీ ముక్కులో నీళ్ళు. చిరాకేసి మాస్కు తీసి గోడకు కొట్టబోతే చేతిలోంచి లాక్కుంది.

"అంత కోపం ముక్కు మీద పెట్టుకుంటే మాస్కు ఎక్కడ నిలుస్తుందండీ?" అంది. నవ్వడం ఆపి, గొంతు తగ్గించి, "మా నాన్నగారు ఉండగానే మా అన్నయ్య మీసం తీసేశాడు. ఏమైంది? ఆయన రోజూ పొద్దున్నే నడకకు వెళ్తున్నారు, శుభ్రంగా ఉన్నారు. తీసేయండి. మామయ్యగారు మీరు ఎప్పుడెళ్తారా అని చూస్తున్నారు," అంది.

"నీకు తెలియదు, ఊరుకో," అన్నాను.

ఆ మాటలు నాయిన గదిలోకి వినిపించాయి. "ఏందిరా లొల్లి? గా ముక్కు డబ్బా ఇటు తే, నేను సూస్త," అని కేకేశాడు. కేక అంటే ఇప్పటి కేక, పక్క గదికి కష్టంగా అందేంత. మాస్కు తెచ్చి ఇచ్చాను. ముక్కు గొట్టం మీదే పెట్టుకుని, అద్దంలోంచి నన్ను, మా ఆవిడను, ఫ్యానును, మిషన్‌ను చూశాడు. ఆయన మీసాలు అంచు కింద నుంచి బయటికి పొడుచుకొచ్చి, తెల్లటి చీపురు పుల్లల్లా ఉన్నాయి.

"నాకు మంచంల పండవెట్టి ఊర్కనే పైపు వెట్టిన్రు," అన్నాడు. "నువ్వు పైసలిచ్చి సముద్రంల వెట్టించుకుంటవా? సదువుకున్నోని తెలివి!"

ముగ్గురం నవ్వాం. నవ్వితే ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, మాస్కుకు అడ్డొచ్చింది మీసమని మా ఆవిడ చెప్పేసింది. నేను కళ్ళురిమినా ఆగలేదు. నాయిన మాస్కు తీసి దిండు పక్కన పెట్టుకున్నాడు.

"తియ్యిరా," అన్నాడు.

"ఏం మాటలు నాయినా అవి!"

"ఎట్లైన తీసుడు తప్పదు గద బిడ్డా. జర ముందుగాల తీస్తె, పోయి సూసొచ్చి నాకు చెప్తవ్. తర్వాత తీస్తె ఎవలికి చెప్తవ్?"

డాక్టర్ చెప్పింది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు ఎప్పుడో తెలుసు. నేను ఇంతెత్తున లేచాను. ఇంకోసారి ఆ మాట అంటే ఈ మాస్కు తీసుకుపోయి మూసీలో పారేస్తానని, ఎవరు పోతారు, ఎక్కడికి పోతారు, నోరు మూసుకుని పడుకోమని అరిచాను. బస్తాలు మోసి నన్ను ఇంతవాణ్ని చేసిన మనిషి మీద అరిచాను. ఆయనకు కోపం రాలేదు. చిన్నప్పుడు బావిలోంచి తేలి, గట్టు మీద ఏడుపు ముఖంతో ఉన్న నన్ను చూసినట్టే చూశాడు.

ఆ తర్వాత రోజూ క్లాసు నుంచి రాగానే నా ముఖం వంక చూసేవాడు. అడిగేవాడు కాదు. చూసేవాడు. ఆ చూపు తట్టుకోలేక ఒకరోజు నేను ఎప్పుడూ క్రాపు చేయించుకునే కొత్తపేట సెలూన్‌కు పోయి కూర్చున్నాను. మెడకు గుడ్డ కట్టాక, "మీసం తీసెయ్," అన్నాను. సెలూన్ ఆయన చెయ్యి ఆగింది. అద్దంలోంచి నా వంక చూశాడు.

"నాయిన...?"

"ఉన్నడు."

"ఉంటె మీసం తియ్యమంటరేంది సార్? పానం బాగలేదని మీరే చెప్తిరి. ఇయ్యాల నేను తీసి, రేపేమన్నైతె? నా చెయ్యి నాకు గుర్తుకొస్తది. నాతోని కాదు, ఏమనుకోకున్రి."

కావాలంటే పక్క సెలూన్‌లో అడగకుండా తీసేవారు. ఇంట్లో అద్దం ముందే రేజర్ ఉంది. నేను గుడ్డ విప్పుకుని, ఆయన మీద కోపం వచ్చినట్టు విసవిసా బయటికి నడిచాను. నిజానికి కోపం రాలేదు. ప్రాణం లేచొచ్చింది. నా మీసం నా ముఖం మీద ఉన్నన్నాళ్ళూ నాయిన ఆ మంచం మీద ఉంటాడని నమ్మాను. ఏ పుస్తకంలోనూ లేని ఫిజిక్స్ అది. ఎవరైనా విద్యార్థి చెబితే చెవి మెలిపెట్టేవాణ్ని.

ఇంటికొస్తే నాయిన చూశాడు.

"తియ్యలే?"

"తియ్యలే నాయినా."

"మంచిది," అన్నాడు. మాస్కును అద్దం మీద గీత పడకుండా తన తుండుగుడ్డలో చుట్టి తల దగ్గర పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పరీక్షలు అయిపోయాయి. సెలవులొచ్చాయి. అప్పటికి మిషన్ గాలి ఆయనకు చాలడం లేదు. దవాఖానాకు తీసుకుపోతే ముక్కు గొట్టం తీసి, ముఖానికి పెద్ద మాస్కు తగిలించారు. దాని అంచుల్లోంచి గాలి తప్పించుకుంటోందని నర్సు అటూ ఇటూ సర్ది చూసింది. మీసాలు అడ్డొస్తున్నాయి, తీసేయాలన్నది. నా వంక చూసింది. నేను తలూపాను. నా మీసానికి అన్నాళ్ళు తెగని ఆలోచన ఆయన మీసానికి ఒక్క క్షణంలో తెగింది. గాలి అందితే చాలు, ఏదైనా తీసేయండి అనిపించింది. నున్నటి పెదవితో నాయిన ఎవరో చిన్నపిల్లవాడిలా కనిపించాడు. నన్ను చూసి మాస్కు లోపల ఏదో అన్నాడు. వంగి చెవి పెట్టినా అర్థం కాలేదు. ఒక పొద్దున, దవాఖానా కిటికీ అవతల విజయవాడ బస్సులు హారన్లు కొడుతుండగా, ఆయన గాలి పీల్చడం ఆగింది. చెయ్యి పట్టుకుని నేనూ ఊపిరి బిగబట్టాను. వదిలేసి మళ్ళీ బిగబట్టాను. ఆయన తేలలేదు.

దినాల నాడు కృష్ణ ఒడ్డున నా తలా, మీసమూ తీశారు. తీసినాయన ఏమీ అడగలేదు. అడగాల్సింది ఏం మిగిలింది? మునకలు వేయమన్నారు. మునిగి కళ్ళు తెరిచాను. పచ్చగా మసక. నాయిన చెప్పినట్టే ఉంది, అంతకుమించి ఏమీ కనిపించలేదు.

మిషన్ తీసుకుపోవడానికి కిరాయి షాపువాళ్ళు వస్తామన్నారు. దాన్ని తుడిచి పెడదామని ఆ గదిలోకి పోయాను. మా ఆవిడ దుప్పటి మడత పెట్టి, దిండు దాని మీద ఉంచింది. తల దగ్గర తుండుగుడ్డ అలాగే ఉంది. విప్పితే మాస్కు. మంచం అంచున కూర్చోబోయి, కూర్చోలేక, ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను. ఎందుకు చేశానో తెలియదు, పట్టీ వేయకుండా మాస్కు ముఖానికి ఆనించి, ముక్కుతో చిన్నగా గాలి లాగి, చేతులు వదిలాను.

నిలబడింది.

పడుతుందేమోనని చూశాను. పడితే బాగుండును. నోటితో ఊపిరి పీలుస్తూ కూర్చున్నాను. మీసం ఉండాల్సిన చోట సిలికాన్ చల్లగా, గట్టిగా పట్టుకుని ఉంది. ఒక్క చుక్క లోపలికి రాదని మాస్టారు పూచీ పడ్డాడు. రాలేదు. బయటికీ పోలేదు. కన్నీళ్ళు ముక్కు దాకా జారి అక్కడే నిలిచి, కళ్ళ నిండా ఇంకా ఊరుతున్నాయి. ఆ నీళ్ళలోంచే ఎదురుగా చూశాను. నీళ్ళల్లోంచి ఎట్లుంటదో వచ్చి చెప్పమన్నాడు కదా, చెప్పాను.

"మంచం కనపడుతున్నది నాయినా. దుప్పటి మడతవెట్టి ఉన్నది. నువ్వు లేవు."